జింకలు లేవనకండి, ఓక్ చెట్లు చూశారా?

సంపాదకులకు నమస్కారం.

పోయిన వారం మీ అమెరికా పేజీలో వేట మీద వచ్చిన ఉత్తరం చదివాను. ఆ రాసినాయన కిందటి నవంబరులో వర్జీనియాలో నేషనల్ ఫారెస్టుకి మూడు రోజులు వెళ్ళాడు, పొద్దున్నే చీకట్లో మొదలుపెట్టి సాయంత్రం చీకటిపడేదాకా నడిచాడు, ఒక్క జింక తోక కూడా కనపడలేదు. అంతవరకూ నాకు జాలే వేసింది. కానీ చివర్లో తీర్పు ఇచ్చేశాడు చూడండి: ప్రభుత్వ అడవుల్లో జింకలు లేవు, ఉన్నవన్నీ ప్రైవేటు పొలాల పక్కనే, అక్కడ వేటాడేందుకు లీజుకు డబ్బులు పెట్టగలిగినవాళ్ళే వేటకి వెళ్ళాలి, మిగతావాళ్ళు లైసెన్సు డబ్బులు దండగ చేసుకోవద్దు అని. అక్కడ ఊరుకోలేకపోయాను. ఎందుకంటే మొదటి నాలుగేళ్ళు నేనూ సరిగ్గా ఇదే మాట అంటూ తిరిగాను, అదీ ఇంతకంటే గట్టిగా.

ఆ ఉత్తరం మళ్ళీ తీసి నిదానంగా చదివాను. తుపాకీ ఏ కంపెనీదో ఉంది, స్కోప్ సంగతి ఉంది, బూట్ల సంగతి ఉంది, ఫోనులో లెక్క చూస్తే రోజుకి తొమ్మిది మైళ్ళు నడిచినట్టు తేలిందని కూడా ఉంది. ఒక్క చెట్టు పేరు లేదు. అంత పొడుగు ఉత్తరంలో ఒక్కటి కూడా! ఓక్, హికరీ, బీచ్, మేపుల్ లాంటి గట్టి కలప చెట్లే ఉన్న అడవిలో జింకను వెతకడమంటే ముందు చెట్టును వెతకడం. రోజుకి తొమ్మిది మైళ్ళు నడిస్తే జింకలు మీకు కనపడవండీ, మీరు జింకలకి కనపడతారు.

అసలు ఈ అడవులు ఎలాంటివో తెలిస్తే సగం సంగతి అర్థమవుతుంది. చూడటానికి ఆదినుంచీ ఇలాగే ఉన్నట్టుంటాయి గానీ, కాదు. 1880ల నుంచి 1920 దాకా తూర్పు అమెరికాలోని అప్పలాచియన్ కొండల మీద కలప కంపెనీలు నరకగలిగిందంతా నరికేశాయి, వదిలేసిన కొమ్మారెమ్మా ఎండి చాలాచోట్ల తగలబడిపోయింది. 1911లో వీక్స్ చట్టం వచ్చాక అలా బోడిగా మిగిలిన కొండల్ని ఫెడరల్ ప్రభుత్వం కొనడం మొదలుపెట్టింది. వెస్ట్ వర్జీనియాలో మొనోంగహీలా అడవి 1920లో, పెన్సిల్వేనియాలో అలెగెనీ అడవి 1923లో అలా పుట్టినవే. ఇప్పుడు మొనోంగహీలా తొమ్మిది లక్షల ఎకరాల పైమాట. వర్జీనియాలో జార్జ్ వాషింగ్టన్, జెఫర్సన్ అడవులు రెండూ కలిపితే సుమారు 18 లక్షల ఎకరాలు. మిస్సోరీలో మార్క్ ట్వైన్ ఇంకో 15 లక్షలు. ఇంత అడవిలో చాలా భాగం చెట్లు ఇంచుమించు ఒకే ఈడువి, వందేళ్ళకి కాస్త అటూ ఇటూ. పైన ఆకులు గొడుగు పట్టినట్టు కప్పేస్తాయి, కింద ఎండ పడదు, ఎండ పడనిచోట జింక నోటికి అందే ఎత్తులో లేత చిగురు ఉండదు. మనకి అది పచ్చటి అడవి. జింకకి అది తలుపులన్నీ వేసేసిన ఖాళీ ఇల్లు. దాని తిండి కొద్ది చోట్లే ఉంటుంది, అదీ నెలనెలా చోటు మారుతూ ఉంటుంది.

ఇంకో సంగతి కూడా ఉంది. శరత్తులో జింక బతికేది రాలిన కాయల మీద, ఒకప్పుడు ఈ కొండల్లో వాటిని ఏటా నమ్మకంగా కాసే చెట్టు అమెరికన్ చెస్ట్‌నట్. 1904లో న్యూయార్క్ బ్రాంక్స్ జూలో దానికి తెగులు కనపడింది, 1950 వచ్చేసరికి వందల కోట్ల చెట్లు పోయాయి. దాని చోటు చాలావరకు ఓక్ తీసుకుంది. ఓక్ అంత నమ్మకమైన చెట్టు కాదు. ఒక ఏడు విరగకాస్తుంది, తర్వాత రెండేళ్ళు మొండికేస్తుంది. అందుకే పోయినేడు జింకలు గుంపులుగా కనిపించిన కొండ గట్టు మీద ఈ ఏడు ఉడతలు కూడా ఉండకపోవచ్చు. ఇది తెలియనివాళ్ళు అన్నీ చచ్చిపోయాయనో, తోడేళ్ళు తినేశాయనో, ప్రభుత్వం ఏదో చేసిందనో అంటూ ఉంటారు.

నా సంగతి చెప్తాను, నవ్వుకోండి. రెండో ఏడు వేటకి మొనోంగహీలాలో ఒక గట్టు ఎంచుకున్నాను, నేలంతా కాయలు పరుచుకుని ఉన్నాయి, కాలు పెడితే జారుతోంది. ఆహా, జింకల భోజనశాల దొరికింది అనుకుని అక్కడే మడత కుర్చీ వేసుకుని నాలుగు రోజులు కూర్చున్నాను. చలికి కాలివేళ్ళు స్పర్శ పోయేదాకా. కనపడినవన్నీ ఉడతలే. తిరిగొచ్చి మా పక్కింటి పెద్దాయనకి, ముప్ఫై ఏళ్ళు కలప పనిలో ఉండి రిటైరైన మనిషి, జేబులోంచి ఒక కాయ తీసి చూపించాను. ఆయన దాన్ని నా చేతిలోనే తిప్పి చూసి, "పళ్ళతో కొరుకు చూద్దాం" అన్నాడు. కొరికాను, దవడ కదిలింది తప్ప కాయ పగల్లేదు. అది హికరీ. ఆ పెంకు జింక పళ్ళకి కూడా లొంగదు, దాన్ని ముట్టుకోదు. నాలుగు రోజులు నేను ఉడతల హోటల్ ముందు కాపలా కాశానన్నమాట. అప్పటినుంచీ పెద్దాయన నన్ను చూసినప్పుడల్లా అడిగేది ఒకటే ప్రశ్న, "ఆకులు చూశావా?"

ఆకు చూడటం పెద్ద విద్యేం కాదు. ఓక్‌లలో రెండు వంశాలున్నాయి. తెల్ల ఓక్ ఆకు అంచు గుండ్రటి వేళ్ళలా ఉంటుంది, ఎర్ర ఓక్ ఆకు అంచులు మొనదేలి, కొసన వెంట్రుక లాంటి ముల్లు ఉంటుంది. తెల్ల ఓక్ కాయలో వగరు తక్కువ, అందుకే జింక ముందు దాని దగ్గరికే వస్తుంది. ఈ వసంతంలో పూస్తే ఈ శరత్తులోనే, సెప్టెంబరు నుంచీ, రాలిపోతుంది, రాలిన వెంటనే మొలకెత్తడం కూడా మొదలెడుతుంది, కాబట్టి ఎక్కువ కాలం నిలవ ఉండదు. ఎర్ర ఓక్ కాయ పక్వానికి రావడానికి రెండేళ్ళు పడుతుంది, వగరు ఎక్కువ, మొలకెత్తేది తర్వాతి వసంతంలో, అందుకని చలికాలం నడిమి దాకా ఆకుల కింద నిలవ ఉంటుంది. అంటే అక్టోబరులో విల్లు పట్టుకుని వెళ్ళేవాడికి ఒక చెట్టు, డిసెంబరులో తుపాకీతో వెళ్ళేవాడికి వేరే చెట్టు. గట్ల నడినెత్తిన, రాళ్ళలో చెస్ట్‌నట్ ఓక్ అని ఇంకోటి ఉంటుంది, బెరడు లోతుగా దున్నినట్టు ఉంటుంది, కాయ బొటనవేలంత. అదీ తెల్ల ఓక్ వంశమే. తెల్ల ఓక్ కాపు రాని ఏడు కూడా చాలామంది దాన్ని పట్టించుకోరు, పట్టించుకోవాలి.

చెట్టు దొరికితే సరిపోదు, అది కాసిందా లేదా చూడాలి. దానికి ఆగస్టులో బైనాక్యులర్స్ పట్టుకుని వెళ్ళి తల పైకెత్తి పై కొమ్మలు చూసుకుంటూ పోవడమే. మెడ పట్టేస్తుంది, ముఖం నిండా సాలెగూళ్ళు, వేసవిలో పిడుదులు, అంటే టిక్‌లు, ఒకటి. పిడుదు అని తేలిగ్గా తీసుకోకండి, లైమ్ జబ్బు వచ్చేది జింకల మీద ఉండే ఆ చిన్న టిక్ వల్లే, ప్యాంటు సాక్సులోకి దోపుకుని, ఇంటికొచ్చాక ఒళ్ళంతా వెతుక్కోవాలి. ఇరవై చెట్లు చూస్తే రెండో మూడో గుత్తులుగా కాసి ఉంటాయి. అవి ఫోను మ్యాపులో గుర్తు పెట్టుకుంటే ఆ రోజుకి పని అయిపోయినట్టే.

తర్వాత అక్టోబరు మొదట్లో ఒకసారి, మధ్యాహ్నం పూట, ఆ చెట్ల కిందకి మాత్రమే వెళ్ళి మోకాళ్ళ మీద కూర్చుని చూడాలి. నేను పోయినేడు చూసిన ఒక చెట్టు చెప్తాను. గట్టు వాలులో సగం దూరం దిగాక ఒక బల్లపరుపు మెట్టు, ఇల్లు కట్టుకునేంత వెడల్పు, దాని అంచున తెల్ల ఓక్ ఒక్కటే. కింద రాలిన ఆకులు ఎవరో అరచేత్తో తిప్పినట్టు తడి వైపు పైకి తిరిగి ఉన్నాయి. కాయల మూతలు, అదే ఆ చిన్న టోపీలు, బోలెడు పడి ఉన్నాయి గానీ కాయలు దాదాపు లేవు. పెంకు ముక్కలు అడ్డదిడ్డంగా నలిగి ఉన్నాయి. ఉడత తింటే పెంకును చీలికలు చీలికలుగా ఒలిచి, కూర్చున్న రాయి మీద కుప్పగా వదిలేస్తుంది, జింక కసకసా నమిలి సగం నోట్లోంచి రాల్చుకుంటుంది. పక్కనే పెంటికలు మూడు కుప్పలు, ఒకటి నల్లగా ఇంకా మెరుస్తోంది, వేలితో నొక్కితే మెత్తగా ఉంది. నేను అలా వంగి చూస్తుండగానే పైనుంచి ఒక కాయ రాలి నా టోపీ మీద టప్పున పడింది. అంతకంటే ఏం సాక్ష్యం కావాలి? పది నిమిషాల్లో వచ్చిన దారినే వెనక్కి వెళ్ళిపోయాను. అక్కడే ఇంకో గంట తచ్చాడి ఉంటే నా వాసనతో ఆ చోటు నేనే పాడుచేసుకునేవాణ్ణి.

తిండి సంగతి అయింది, పడక సంగతి ఉంది. జింక నెమరు వేసే జంతువు, గబగబా మేసి, ఎవరూ రానిచోట పడుకుని తీరిగ్గా నమలాలి దానికి. పెద్ద చెట్ల కింద బోసిగా ఉన్నచోట అది పగలు పడుకోదు. కాబట్టి దట్టమైన చోటు వెతకండి. అయిదారేళ్ళ నుంచి పదిహేనేళ్ళ కిందట కలప కొట్టిన చోట్లు ఉంటాయి, ఉపగ్రహ చిత్రంలో మిగతా అడవి కంటే లేత రంగులో అతుకు వేసినట్టు కనపడతాయి, అక్కడ ముళ్ళ పొదలూ చిన్న మొక్కలూ కలిసి మనిషి దూరలేనంత చిక్కగా ఉంటుంది. తిండీ అదే, పడకా అదే. కలప కొట్టనిచోట కొండ వాలుల మీద లారెల్, రోడోడెండ్రన్ పొదలు ఆ పని చేస్తాయి. పెన్సిల్వేనియాలో అయితే కలప కొట్టిన చోట మొక్కల్ని జింకలు తినేయకుండా కొన్నిచోట్ల ఎత్తైన కంచె వేస్తారు, చూశారా, జింకలు లేవంటున్న రాష్ట్రాల్లో జింకల బాధ పడలేక కంచెలు! ఆ కంచె మూల దగ్గర జింక తప్పనిసరిగా చుట్టు తిరిగి వెళ్ళాలి, అక్కడ బాట పడుతుంది. దట్టమైన పొదకీ కాసిన ఓక్‌కీ మధ్య ఎక్కడ ఇరుకవుతుందో అదే మీరు కూర్చోవలసిన చోటు. పొదలో కాదు, చెట్టు కింద కూడా కాదు.

ఇక్కడ నేల చదవడం వస్తుంది. యూఎస్‌జీఎస్ (అమెరికా ప్రభుత్వ భూగర్భ సర్వే సంస్థ) వాళ్ళ టోపో మ్యాపు, అంటే ఎత్తుపల్లాల్ని గీతలతో చూపే మ్యాపు, ఒక అంగుళానికి 2000 అడుగులు ఉండేది, ఉచితంగా దొరుకుతుంది. గీతలు దగ్గరగా ఉంటే నిట్టనిలువు, ఎడంగా ఉంటే చదును. నిలువు వాలు మధ్యలో నాలుగు గీతలు హఠాత్తుగా ఎడం అయ్యాయంటే అదే నేను చెప్పిన మెట్టు. రెండు శిఖరాల మధ్య కిందికి వంగినచోటు కనుమ, కొండ దాటాలంటే మనమైనా జింకైనా అలిసిపోకుండా దాటేది అక్కడే. గట్టు నుంచి పక్కకి పొడుచుకొచ్చిన ముక్కులాంటి చోట్లుంటాయి, వయసొచ్చిన మగజింకలకి అవి భలే ఇష్టం. గాలి మరుగున, శిఖరానికి కాస్త దిగువన పడుకుంటుంది, వెనకనుంచి వచ్చేవాడి వాసన గట్టు మీదుగా గాలి మోసుకొస్తుంది, ముందునుంచి వచ్చేవాణ్ణి కళ్ళతో చూస్తుంది. దానికంటే మంచి కాపలా ఏర్పాటు మనమెవరం చేసుకోలేం.

కొండల్లో గాలి ఫోనులో చూపించినట్టు వీచదు, అది ఒప్పుకోవాలి. ఎండెక్కుతుంటే గాలి వాలు మీదుగా పైకి పాకుతుంది, సాయంత్రం చల్లబడితే నీళ్ళలా లోయలోకి జారుతుంది. పొద్దున బాగున్న చోటు సాయంత్రం పనికిరాదు. దాన్ని చూడటానికి నేను వాడేది మిల్క్‌వీడ్ కాయలోని దూది, మన జిల్లేడు కాయ పగిలితే ఎగిరే దూది లాంటిదే, రెండూ ఒకే కుటుంబం. ఒక పోగు వదిలితే యాభై గజాల దాకా కంటికి కనపడుతూ పోతుంది. ఒకసారి నా చేతిలోంచి నేరుగా కిందికి పోతుందనుకున్నది ముప్ఫై అడుగులు దిగి, కుడికి తిరిగి, ఒక వాగు గండిలోంచి మళ్ళీ నా వెనక్కే వచ్చింది. అప్పుడు అర్థమైంది, మూడేళ్ళుగా అక్కడి చెట్టు మీద మంచె కట్టుకుని కూర్చున్నప్పుడల్లా జింకలు వెనకనుంచి బుస్సుమని ఎందుకు పారిపోతున్నాయో.

వీటన్నిటికీ మంచి కాలం నవంబరు కాదు. ఫిబ్రవరి, మార్చి. ఆకులు లేవు, అడవి ఎముకలు కనపడుతుంటాయి, మంచు పడితే రాత్రి నడిచిన ప్రతి అడుగూ అచ్చు వేసినట్టు ఉంటుంది. కిందటి శరత్తులో మగజింకలు కొమ్ములతో బెరడు గీకిన చెట్లు అప్పటికీ తెల్లగా మెరుస్తుంటాయి. గీకుడు చెట్టుకి ఏ వైపు ఉందో చూడండి, సాధారణంగా జింక ఆ వైపు నుంచే వచ్చి ఉంటుంది. ఒక్క చెట్టు చూసి గంతులేయకూడదు, అలాంటివి ఒక వరసలో అయిదారు దొరికితే అది దారి. తలెత్తు కొమ్మ ఒకటి విరిగి, దాని కింద నేల గిట్టలతో గీకిన గుంట ఉంటే అది ఎద కాలంలో వాటి చిరునామా పలక, అక్టోబరు చివర్లో ఎక్కువగా పడతాయి, బాగున్న చోటైతే ఏటా అక్కడే పడతాయి. రాలిన కొమ్ము దొరికితే ఆ మగజింక సీజన్ గడిచి బతికి ఉందన్నమాట. ఫిబ్రవరిలో మీరు దాన్ని పడకలోంచి లేపేసినా నష్టం లేదు, నవంబరుకి మర్చిపోతుంది. నవంబరులో లేపారో, ఆ లోయకి మళ్ళీ పగటిపూట రాదు. ఏప్రిల్, మే నెలల్లో వెళ్తే మాత్రం జాగ్రత్త, అప్పుడు టర్కీ కోళ్ళ వేట నడుస్తుంటుంది, ఎరుపు, తెలుపు, నీలం బట్టలు వేసుకోకండి, ఆ కోడి తల రంగులు అవే.

ఎంత అడవి చూడాలి? 18 లక్షల ఎకరాలు అనగానే టెన్షన్ పడిపోతారు. ఒక జింక సాధారణంగా తిరిగే మేర చదరపు మైలుకి అటూ ఇటూ, 640 ఎకరాలు. అలాంటివి రెండో మూడో ఎంచుకుని, వాటిని మన ఇంటి వీధి తెలిసినట్టు తెలుసుకోండి, చాలు. నేను మొదట్లో ఏటా కొత్త కౌంటీకి పోయేవాణ్ణి, అదో పిచ్చి. అందరూ చెప్పే ఇంకో మాట, రోడ్డుకి బాగా దూరం వెళ్ళాలి అని. నిజమే, చాలామంది వేటగాళ్ళు బండి కనపడేంత దూరం దాటరు. కానీ అది విని కుర్రాళ్ళందరూ మూడు మైళ్ళు లోపలికి పోతున్నారు, పార్కింగ్ స్థలానికి మూడువందల గజాల్లో, రోడ్డు పక్క గొయ్యికి అవతల ఉన్న పొదని ఎవడూ చూడడు. నేను కొట్టిన అన్నిటిలోకీ పెద్ద మగజింక అలాంటి పొదలోంచే వచ్చింది, ట్రక్కుల చప్పుడు వింటూ. పైగా మూడు మైళ్ళ లోపల కొట్టినదాన్ని ఎవరు మోస్తారు? ఒకసారి మోసిన నడుమే చెప్తుంది. అది కాక, చెట్టుకి కెమెరాలు కట్టి ఇంట్లో సోఫాలో కూర్చుని ఫోటోలు చూసే పద్ధతి ఒకటి వచ్చింది, నాకెందుకో అది నచ్చదు, రాత్రి రెండింటికి తీసిన ఫోటో నాకేం చెప్పదు. నచ్చినవాళ్ళు వాడుకోండి, ముందు ఆ రాష్ట్రంలో ప్రభుత్వ భూమిలో అనుమతి ఉందో లేదో చూసుకుని.

నిబంధనల సంగతి క్లుప్తంగా. మనవాళ్ళు నన్ను ముందు అడిగేది వీసా గురించి. హెచ్1బి లాంటి తాత్కాలిక వీసా మీద ఉన్నవాళ్ళు తుపాకీ గానీ గుళ్ళు గానీ దగ్గర పెట్టుకోకూడదని ఫెడరల్ చట్టం, దానికున్న మినహాయింపుల్లో ఒకటి చెల్లుబాటులో ఉన్న రాష్ట్ర వేట లైసెన్సు. లైసెన్సు గడువు తీరిందంటే మినహాయింపూ తీరినట్టే, దీంతో ఆటలొద్దు, లాయర్ని అడగండి. వర్జీనియాలో లైసెన్సు కాక నేషనల్ ఫారెస్టుకి పర్మిట్ విడిగా కొనాలి. తుపాకీ సీజన్లో నారింజ రంగు తప్పనిసరి, వెస్ట్ వర్జీనియాలో 400 చదరపు అంగుళాలు కనపడాలి, పెన్సిల్వేనియాలో 250. ప్రభుత్వ అడవిలో చెట్టుకి మేకులు కొట్టి మంచె కట్టకండి, మోసుకెళ్ళేది వాడండి. జింకలు చిక్కి చచ్చిపోయే క్రానిక్ వేస్టింగ్ అనే జబ్బు వెస్ట్ వర్జీనియాలో 2005 నుంచీ, వర్జీనియాలో 2009 నుంచీ, పెన్సిల్వేనియాలో 2012 నుంచీ ఉంది, అది తేలిన ప్రాంతం నుంచి జింక తలా వెన్నెముకా బయటికి తేవడానికి ఆంక్షలుంటాయి, ఏటా మ్యాపు మారుతుంది, చూసుకోవాలి. ఇవన్నీ వేటకి. ఫిబ్రవరిలో నేషనల్ ఫారెస్టులో జాడలు చూస్తూ నడవడానికి తుపాకీ అక్కర్లేదు, లైసెన్సూ అక్కర్లేదు, వీసా ఏదైనా ఒకటే. నేను మొత్తుకునేది అందుకే.

ఇక లీజు మాట. లీజుకి డబ్బు పెట్టేవాళ్ళని నేనేం అనను, వాళ్ళ ఇష్టం. కానీ ప్రభుత్వ అడవి పనికిరాదు, జింకలు లేవు అనడం అన్యాయం. 1900 నాటికి దేశమంతా కలిపి అయిదు లక్షలు కూడా ఉన్నాయో లేదో అనుకున్న తెల్లతోక జింకలు ఇవాళ సుమారు మూడు కోట్లు. పెన్సిల్వేనియాలో 2023-24 సీజన్లోనే 4 లక్షల 30 వేలు వేటాడారు. అక్కడ స్టేట్ ఫారెస్టులు 22 లక్షల ఎకరాలు, రాష్ట్రం వేట కోసం ఉంచిన గేమ్ ల్యాండ్స్ ఇంకో 15 లక్షలు, బయటి రాష్ట్రం వాడికి కూడా 101 డాలర్ల 97 సెంట్ల మామూలు లైసెన్సుతో తలుపులు తెరిచే ఉన్నాయి. ఆయన కొన్న రైఫిల్ మీదా తూటాల మీదా తయారీదారు దగ్గర 11 శాతం పన్ను ముందే వసూలైపోయింది, 1937 నాటి పిట్‌మన్-రాబర్ట్‌సన్ చట్టం కింద అది రాష్ట్రాల వన్యప్రాణి శాఖలకే పోతుంది. అంటే ఆ అడవికి ఆయన అద్దె ఎప్పుడో కట్టేశాడు, ఇంట్లో అడుగుపెట్టకుండానే ఖాళీ చేస్తానంటున్నాడు.

ఈసారి నాకూ తేలిక కాదులెండి. నేను చూసుకునే గట్ల మీద ఏప్రిల్ చివర్లో, తెల్ల ఓక్‌లు పూత మీద ఉండగా, రెండు రాత్రులు గట్టిగా మంచు పట్టింది. మర్నాడు వెళ్ళి చూస్తే వేలాడే పూత తోరణాలు గోధుమరంగులోకి మాడిపోయి, ముట్టుకుంటే పొడైపోతున్నాయి. టోపీ మీద కాయ రాల్చిన ఆ చెట్టు ఈ ఏడు నాకు పనికిరాదు. ఎర్ర ఓక్ ఈ శరత్తులో కాసేది కిందటేడు వసంతపు పూతే కాబట్టి దానికి ఈ మంచు దెబ్బ ఇప్పుడు తగలదు, ఉత్తరపు వాలు మీద అవి ఎక్కడెక్కడ ఉన్నాయో నాకింకా సగమే తెలుసు. ఆగస్టు రెండో వారం బైనాక్యులర్స్ తీసుకుని పోతున్నాను. ఆ ఉత్తరం రాసినాయన వస్తానంటే సంతోషం, తుపాకీ ఇంట్లో పెట్టి, ప్యాంటు సాక్సులోకి దోపుకుని, మెడనొప్పికి సిద్ధపడి రమ్మనండి.

ఇట్లు,
మీ పాఠకుడు,
వర్జీనియా